పెడల్‌బోర్డులో బఫర్ ఎక్కడ ఉండాలి: ట్రూ బైపాస్, బఫర్డ్ పెడల్స్ ఎంపిక

పెడల్స్ అన్నిటినీ ఆపి ఉంచినా గిటార్ ధ్వని జలుబు చేసిన గొంతులా పట్టేసినట్టు వినిపిస్తుంటే, ముందుగా ఒక చిన్న పోలిక చేసి చూడాలి. ఆంప్ నాబ్‌లను కదపకుండా, మీ దగ్గర ఉన్న కేబుల్స్‌లో పొట్టిదానితో గిటార్‌ను నేరుగా ఆంప్‌కు కలపండి. గిటార్ వాల్యూమ్, టోన్ పూర్తిగా తెరిచి, క్లీన్ చానల్‌లో సన్నని తీగల మీద ఒక కార్డ్‌ను నాలుగైదు సార్లు మీటండి. తరువాత పెడల్‌బోర్డు మీదుగా, పెడల్స్ అన్నీ ఆపి, అదే కార్డ్‌ను అంతే బలంతో మీటండి. పిక్ తీగను తాకిన క్షణంలో వచ్చే ‘టిక్’మనే అంచు మొదటిసారి వినబడి రెండోసారి మాయమైతే, ఆ అంచును తిరిగి తెచ్చుకోవడానికి ఈ కింది వివరాలు పనికివస్తాయి. తేడా ఏమీ వినబడకపోతే బోర్డును కదిలించకండి. ఎవరో ట్రూ బైపాస్ (ఆపిన పెడల్‌ను వైరుతో నేరుగా దాటించే పద్ధతి) గొప్పదన్నారనో, మరెవరో బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) తప్పనిసరి అన్నారనో బాగున్నదాన్ని విప్పడం అనవసరం.

ఆ అంచు ఎక్కడికి పోతుందో తెలిస్తే తక్కిన నిర్ణయాలన్నీ తేలికవుతాయి. సాధారణ పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నని రాగితీగ మాత్రమే. దాని ఇండక్టెన్స్ సింగిల్ కాయిల్‌లో దాదాపు 2 నుంచి 3 హెన్రీలు, హంబకర్‌లో 4 నుంచి 5 హెన్రీల దాకా ఉంటుంది. కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిసి ఒక అనునాద శిఖరాన్ని, అంటే ధ్వని మిగతా చోట్లకంటే బలంగా పలికే ఒక పౌనఃపున్యాన్ని, ఏర్పరుస్తాయి. గిటార్ మెరుపు అని మనం అనుకునేది చాలావరకు ఆ శిఖరమే. 2.5 హెన్రీల పికప్‌కు 5 మీటర్ల కేబుల్ తగిలిస్తే, పికప్ సొంత కెపాసిటెన్స్ మరో వంద కలుపుకొని, శిఖరం దాదాపు 4,100 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది. అదే గిటార్‌ను పది ట్రూ బైపాస్ పెడల్స్ ఉన్న బోర్డు గుండా పంపామనుకోండి: గిటార్ నుంచి 5 మీటర్లు, ప్యాచ్ కేబుల్స్ అన్నీ కలిపి 3 మీటర్లు, ఆంప్ దాకా మరో 6 మీటర్లు. మొత్తం 14 మీటర్లు. శిఖరం 2,600 హెర్ట్జ్ దగ్గరికి జారిపోతుంది. ట్రెబుల్ కొంచెం తగ్గిందని అనిపించేది నిజానికి గిటార్ స్వభావమే మారిపోవడం; అందుకే ఆంప్‌లో ట్రెబుల్ ఎంత పెంచినా పాత ధ్వని తిరిగి రాదు, గరగర మాత్రమే పెరుగుతుంది.

బఫర్ చేసే పని ఈ బంధాన్ని తెంచడమే. దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) సాధారణంగా పది లక్షల ఓమ్‌ల స్థాయిలో ఉండడం వల్ల పికప్ మీద భారం పడదు. ఔట్‌పుట్ ఇంపిడెన్స్ వెయ్యి ఓమ్‌లో అంతకంటే తక్కువో ఉండడం వల్ల ఆ తరువాత వచ్చే కేబుల్ ఎన్ని మీటర్లున్నా పెద్దగా లెక్కలోకి రాదు. అది ధ్వనిని పెంచదు. ట్రాన్సిస్టర్‌తో కట్టిన మామూలు బఫర్‌లో స్థాయి ఒక వెంట్రుకవాసి తగ్గుతుంది కూడా. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: తన ముందున్న కేబుల్‌లో పోయినదాన్ని బఫర్ తిరిగి ఇవ్వలేదు. కాబట్టి అది గిటార్‌కు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. 1977లో మొదలైన బాస్ (Boss) కంపెనీ కాంపాక్ట్ పెడల్స్, ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ వంటివి ఈ పద్ధతిలోనివే. వాటిలో స్విచ్చింగ్ పనిని ఫెట్ ట్రాన్సిస్టర్లు చేస్తాయి, పెడల్ ఆపి ఉన్నా సిగ్నల్ బఫర్ గుండానే సాగుతుంది.

ట్రూ బైపాస్ ఇందుకు విరుద్ధం. తొమ్మిది కాళ్ల 3పీడీటీ ఫుట్‌స్విచ్, పెడల్‌ను ఆపినప్పుడు సర్క్యూట్‌ను రెండు వైపులా విడదీసి, ఇన్‌పుట్ జాక్‌ను ఔట్‌పుట్ జాక్‌కు వైరుతో నేరుగా కలుపుతుంది. మిగిలిన మూడు కాళ్లు ఎల్‌ఈడీ కోసం. అప్పుడు ఆ పెడల్ ఉన్నా లేనట్టే, అయితే దానికి తగిలించిన కేబుల్స్ మాత్రం ఉన్నట్టే. ఈ రెండో సగాన్ని ప్రకటనలు చెప్పవు.

ఈ రెండింటికీ చెందని మూడో రకం ఒకటుంది. బైపాస్ అనే మాటకు చెడ్డపేరు ఎక్కువగా దానివల్లే వచ్చింది. పాత వావా పెడల్స్ కొన్నిటిలో స్విచ్ ఔట్‌పుట్‌ను మాత్రమే మారుస్తుంది. ఇన్‌పుట్ ఎప్పుడూ సర్క్యూట్‌కు తగిలే ఉండి, పెడల్ ఆపి ఉన్నప్పుడు కూడా పికప్ నుంచి సిగ్నల్‌ను లాగేస్తూ ఉంటుంది. బఫర్ వల్ల ధ్వని చెడిందని వాపోయేవారిలో చాలామందికి అసలు దొంగ ఈ పెడల్.

మీ పెడల్ ఏ రకానిదో తెలుసుకోవడానికి పెట్టె విప్పనక్కరలేదు. పెడల్‌ను ఆఫ్ స్థితిలో పెట్టి, అడాప్టర్ తీసి, లోపల బ్యాటరీ ఉంటే అదీ తీసి, గిటార్ వాయించండి. శబ్దం ఆగిపోతే అది బఫర్డ్. శబ్దం వస్తూనే ఉంటే స్విచ్ లేదా రిలే సిగ్నల్‌ను నేరుగా పంపుతోందని అర్థం. అది నిజమైన ట్రూ బైపాసో, పైన చెప్పిన మూడో రకమో ఇంకా తేల్చాలి. మల్టీమీటర్ ఇక్కడ సగమే సాయపడుతుంది. రెండు జాక్‌లలోనూ ప్యాచ్ కేబుల్స్ పెట్టి, వాటి ప్లగ్గుల కొసల మధ్య కొలిస్తే సున్నాకు దగ్గరగా చూపిస్తుంది గానీ, సర్క్యూట్ ఇంకా తగిలి ఉందో లేదో చూపలేదు, ఎందుకంటే ఇన్‌పుట్ దగ్గరుండే కెపాసిటర్ మీటరు కరెంటును అడ్డుకుంటుంది. చెవినే నమ్మాలి: ఆపిన పెడల్‌ను మధ్యలో ఉంచి ఒకసారి, పెడల్ తీసేసి అవే రెండు కేబుల్స్‌ను చిన్న కప్లర్‌తో కలిపి ఒకసారి వాయించి చూడండి. తేడా వినిపిస్తే ఆ పెడల్‌ను ట్రూ బైపాస్‌గా మార్పించుకోవాలి, లేదా దాని ముందు బఫర్ పెట్టాలి.

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. ఒకప్పుడు నేను బఫర్డ్ పెడల్స్ అన్నిటినీ పట్టుబట్టి వదిలించుకుని, వాటి స్థానంలో తొమ్మిది ట్రూ బైపాస్ పెడల్స్ పేర్చుకున్నాను. ధ్వని మొద్దుబారింది, అంతకంటే చికాకు కలిగించినది ఏమిటంటే, ఏదో ఒక పెడల్‌ను ఆన్ చేయగానే మెరుపు హఠాత్తుగా తిరిగి వచ్చేది, ఆపగానే పోయేది. ఆన్ చేసిన పెడల్ సర్క్యూట్ ఔట్‌పుట్టే తరువాతి కేబుల్‌కు బఫర్‌లా పనిచేస్తోందని గ్రహించడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. చివరికి బీరువాలో మూల పడేసిన పాత బఫర్డ్ ట్యూనర్‌ను తెచ్చి మొదట్లో పెట్టగానే సమస్య తీరిపోయింది. మీ బోర్డులో కూడా పెడల్ ఆన్, ఆఫ్‌లతో పాటు మొత్తం స్వరూపం మారుతుంటే కారణం ఇదేనని అనుమానించవచ్చు.

అయితే బఫర్‌ను మొదట్లోనే పెట్టాలన్న నియమానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది: ఫజ్, అంటే ధ్వనిని గుర్రుమనేలా వక్రీకరించే పెడల్. 1966లో వచ్చిన ఫజ్ ఫేస్, దాన్ని అనుసరించి తయారైన రెండు ట్రాన్సిస్టర్ల ఫజ్‌లు, ఇన్‌పుట్ ఇంపిడెన్స్ చాలా తక్కువగా ఉండే సర్క్యూట్‌లు. బఫర్ ఇన్‌పుట్‌తో పోలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. అవి పికప్‌ను, గిటార్ వాల్యూమ్ నాబ్‌ను తమ సర్క్యూట్‌లో భాగంగా కలుపుకుని పనిచేస్తాయి. గిటార్ వాల్యూమ్‌ను పది నుంచి ఏడుకో ఆరుకో తగ్గించి చూడండి. నేరుగా ఫజ్‌లోకి వెళ్తుంటే ఆ గుర్రుమనే శబ్దం సడలి, గాజులా శుభ్రంగా మోగుతుంది. మధ్యలో బఫర్ ఉంటే, వాల్యూమ్ తగ్గించినా ఫజ్ అలాగే బుసకొడుతూ, పైపెచ్చు రేకుడబ్బాలా పలచబడుతుంది. బఫర్డ్ పెడల్ ఆఫ్‌లో ఉన్నా బఫర్ బఫరే కాబట్టి, అలవాటు కొద్దీ మొదట్లో పెట్టే ట్యూనర్ ఈ సందర్భంలో శత్రువవుతుంది. బాస్ టీయూ-3 ట్యూనర్ బఫర్డ్. పాలీట్యూన్ 3 ట్యూనర్‌లో బఫర్‌ను వాడాలో వద్దో ఎంచుకునే స్విచ్ లోపలే ఉంటుంది. ఫజ్‌ను మొదట పెట్టి, దాని వెనుకే బఫర్డ్ ట్యూనర్‌ను పెట్టడం నాకు నచ్చిన పరిష్కారం. వైర్‌లెస్ వాడేవారికి ఈ ఉపాయం పనిచేయదు, ఎందుకంటే రిసీవర్ ఔట్‌పుట్ దానంతట అదే బఫర్ లాంటిది. వారు పికప్‌ను అనుకరించే చిన్న సర్క్యూట్‌ను ఫజ్ ముందు చేర్చుకోవలసి ఉంటుంది.

బోర్డు చివరి నుంచి ఆంప్ దూరంగా ఉంటే, చివర్లో రెండో బఫర్ పెట్టుకోవచ్చు. మొదటి బఫర్ తరువాత వచ్చే కొన్ని ఓవర్‌డ్రైవ్‌లు ఆన్‌లో ఉన్నప్పుడు, వాటి ఔట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువగా ఉండి పొడవాటి కేబుల్‌ను మోయలేవు; చివరి బఫర్ ఆ లోటును పూడుస్తుంది. డిలే, రివర్బ్ పెడల్స్‌ను ఆపిన తరువాత కూడా ప్రతిధ్వని సహజంగా కరిగిపోవాలనుకుంటే, ఆ పెడల్స్ బఫర్డ్ బైపాస్‌లోనే ఉండాలి. ట్రూ బైపాస్ స్విచ్ ఔట్‌పుట్‌ను తెంచేయగానే తోక కూడా తెగిపోతుంది. అలాగని బోర్డు మొత్తం బఫర్డ్ పెడల్స్‌తో నింపడం కూడా మంచిది కాదు. ప్రతి బఫర్ రవంత హోరును చేర్చుతుంది. నాసిరకం బఫర్లు వరుసగా ఎనిమిది చేరితే, నిశ్శబ్దంలో అది వినబడుతుంది. యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్‌లున్న గిటార్‌కు మొదటి బఫర్ గురించి ఆలోచించనక్కరలేదు. అది గిటార్ లోపలే ఉంది.

ట్రూ బైపాస్ పెడల్‌ను నొక్కినప్పుడు స్పీకర్‌లో ‘టప్’మని పేలితే, సాధారణంగా కారణం కెపాసిటర్ల నుంచి కారిన చిన్న వోల్టేజీ పేరుకోవడం. ఇన్‌పుట్, ఔట్‌పుట్‌ల నుంచి గ్రౌండ్‌కు ఒక్కో మెగా ఓమ్ రెసిస్టర్ సోల్డర్ చేస్తే అది నెమ్మదిగా పారిపోతుంది. చాలా పెడల్స్‌లో ఇవి ముందే ఉంటాయి. లేనివాటిలో చేర్చడం పది నిమిషాల పని.

అన్నీ అమర్చాక మొదట చేసిన పోలికను మళ్లీ చేయండి. ఈసారి బోర్డు ధ్వని మీకు అలవాటైన దానికంటే పదునుగా, చెవికి గుచ్చుకునేలా ఉందనిపిస్తే, బఫర్‌ను తీసేయకండి. గిటార్‌కూ మొదటి బఫర్‌కూ మధ్య 3 మీటర్ల కేబుల్ ఉంటే, దాని స్థానంలో 6 మీటర్లది పెట్టి, అదే కార్డ్‌ను మళ్లీ మీటి చూడండి.