కొలంబియా నది ఒడ్డున ఇద్దరే: వాషింగ్టన్ మీదుగా వెళ్ళి, ఒరెగాన్ మీదుగా రండి

పోర్ట్‌లాండ్‌లో ఉండే మనవాళ్ళు కొలంబియా గోర్జ్ (ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల మధ్య నది పారే లోయ) చూశామన్నారంటే, మల్ట్నోమా జలపాతం దగ్గర ఫోటో దిగి సాయంత్రానికి ఇంటికొచ్చేశారని అర్థం. 620 అడుగుల జలపాతం, కాదనను. కానీ ఊళ్ళ అందమంతా అది దాటాకే. మీరిద్దరే వెళ్తుంటే రెండు రాత్రులు పెట్టుకోండి.

అందరూ ఐ-84 హైవే ఎక్కి ఒరెగాన్ ఒడ్డున బయల్దేరతారు. మీరు తిరగేయండి. వాంకూవర్ (కెనడాది కాదు, వాషింగ్టన్ రాష్ట్రంలోది) దగ్గర నది దాటి, వాషింగ్టన్ వైపు 14వ నంబరు రోడ్డు పట్టుకుని తూర్పుకి వెళ్ళండి. వచ్చేటప్పుడు ఒరెగాన్ ఒడ్డు. ఇలా అయితే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నది మీ కుడిచేతి పక్కనే ఉంటుంది. పక్క సీట్లో వాళ్ళకి కొండరాళ్ళు కాకుండా నీళ్ళు కనిపిస్తాయి. నదివైపు కారు ఆపాలంటే ఎదురొచ్చే ట్రక్కులకి అడ్డంగా ఎడమకి తిరగక్కర్లేదు. "ఇక్కడ ఆపు", "ఇక్కడెలా ఆపను" అనే గొడవ మా ఇంట్లో దీంతోనే సగం తగ్గింది.

ఏప్రిల్లో గానీ సెప్టెంబరులో గానీ వెళ్ళండి. ఏప్రిల్లో హుడ్ రివర్ లోయంతా పియర్ చెట్లు పూతమీద ఉంటాయి. సెప్టెంబరులో పళ్ళు కోతకొస్తాయి, సాల్మన్ చేపలు నదికి ఎదురీదుతుంటాయి. చలికాలం వద్దు. మంచు సంగతి అలా ఉంచి, దారిలో ఉన్న మేరీహిల్ మ్యూజియం నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా మూసేస్తారు.

మొదటి రోజు తొందరపడకండి. కేప్ హార్న్ మలుపు దగ్గర ఆగండి, బీకన్ రాక్ చూడండి, స్టీవెన్‌సన్‌లో కాఫీ తాగండి. రాత్రికి వైట్ సాల్మన్. ఊరు గట్టు మీద ఉంటుంది, కింద బింగెన్, దాన్ని ఆనుకుని రైలు పట్టాలు. రెండు ఒడ్లలోనూ రాత్రంతా గూడ్సులు కూత పెడుతూనే పోతాయి. గది బుక్ చేసేముందు మ్యాపులో పట్టాలు ఎంత దూరమో చూసుకోండి. "రివర్ వ్యూ" అన్న గదుల్లో చాలావాటికి "రైల్ వ్యూ" కూడా ఉచితం. శాకాహారులైతే చిన్న రైస్ కుక్కర్, పెరుగు వెంట ఉంచుకోండి. ఈ ఊళ్ళలో రాత్రి ఎనిమిది దాటితే తినడానికి పెద్దగా ఏమీ దొరకదు.

రెండో రోజు బింగెన్‌లోనే గ్యాస్ నింపుకోండి, లైల్ దాటాక బంకులు అరుదు. ఇక్కడ్నుంచి కొండల రంగు మారిపోతుంది. పడమట ఉన్న క్యాస్కేడ్ లాక్స్‌లో ఏడాదికి 70 అంగుళాలకి పైగా వాన, తూర్పున ఉన్న ద డాల్స్‌లో 14 దగ్గర. మబ్బుల్ని క్యాస్కేడ్ పర్వతాలు అక్కడే ఆపేస్తాయి. వేసవిలో లోపలి ఎడారి వేడెక్కి సముద్రపు గాలిని ఈ సందులోంచి లాగుతుంది. విండ్‌సర్ఫింగ్ వాళ్ళకి పండగే, మీరు మాత్రం కారు తలుపు చేత్తో పట్టుకుని తీయండి.

మేరీహిల్‌కి రెండు గంటలు కేటాయించండి. రోడ్ల పిచ్చి ఉన్న సామ్ హిల్ అనే ఆయన 1914లో ఈ బోడికొండ మీద భవనం మొదలుపెట్టాడు. భార్య పేరూ కూతురి పేరూ మేరీయే. ఆ భార్య ఇక్కడ కాపురం ఉండనే లేదు! చివరికది మ్యూజియం అయింది. కాస్త తూర్పున ఆయనే కట్టించిన కాంక్రీట్ స్టోన్‌హెంజ్ ఉంది, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన క్లికిటాట్ కౌంటీ సైనికుల జ్ఞాపకంగా.

అక్కడ 97వ నంబరు రోడ్డు వంతెన దాటితే ఒరెగాన్, టోల్ లేదు. పడమటికి తిరగ్గానే సెలైలో పార్కు. ఇప్పుడక్కడ నిశ్చలంగా ఉన్న నీళ్ళ కిందే, వేల ఏళ్ళు స్థానిక తెగలు చేపలు పట్టిన జలపాతం ఉంది. 1957 మార్చి 10న ద డాల్స్ డ్యామ్ గేట్లు మూశారు, కొన్ని గంటల్లోనే మునిగిపోయింది. పోలవరం ముంపు ఊళ్ళ గురించి తెలిసినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ద డాల్స్ దాటాక ఐ-84 వదిలేసి పాత హైవే మీద రొవీనా క్రెస్ట్ ఎక్కి, మోజియర్ మీదుగా హుడ్ రివర్ చేరండి. రెండో రాత్రి అక్కడే. రొవీనాలో కాలిబాట వదిలి పక్కకి అడుగేయకండి, పాయిజన్ ఓక్ (తాకితే దురద పుట్టించే మొక్క), పిడుదులు, గిలక పాములు ఉంటాయి.

మూడో రోజు పొద్దున్న 35 మైళ్ళ ఫ్రూట్ లూప్‌లో తోటల దగ్గర పళ్ళు కొనుక్కోండి. కొనుగోళ్ళన్నీ ఇటువైపే పెట్టుకోండి, ఒరెగాన్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు. క్యాస్కేడ్ లాక్స్‌లో బ్రిడ్జ్ ఆఫ్ ద గాడ్స్ కింద తెగలవాళ్ళు తాజా సాల్మన్ అమ్ముతుంటారు. నగదు ఉంచుకోండి, కారులో ఐస్ పెట్టె కూడా. బాన్‌విల్ డ్యామ్‌లో అద్దం అవతల చేపలు వాటికోసం కట్టిన మెట్లెక్కి పోతుంటే ఒకరు కూర్చుని లెక్కపెడుతుంటారు, అది మాత్రం వదులుకోకండి. లోపలికి వెళ్ళేముందు కారు తనిఖీ చేస్తారు.

మల్ట్నోమాని ఆఖరికి పెట్టుకోవడంలో లాభముంది. వేసవిలో ఐ-84 పక్క పార్కింగ్‌కి పగలు ముందే టైం బుక్ చేసుకోవాలి, సాయంత్రం ఆరు దాటితే అక్కర్లేదు. ఎగ్జిట్ 31 ఎడమవైపు ఉంటుంది, ముందే లేన్ మారండి. ఆ పార్కింగ్ నుంచి పాత హైవేకి కారు దారి లేదు; పాత హైవే మీదుగా విస్టా హౌస్‌కి (గట్టు మీద నది కనిపించే పాత భవనం) వెళ్ళాలనుకుంటే ముందే ఎగ్జిట్ 35 దగ్గర దిగండి, కొండచరియలు పడి రోడ్డు మూసి ఉందేమో ఒరెగాన్ రోడ్ల సమాచారమిచ్చే ట్రిప్‌చెక్ సైట్లో చూసుకోండి. ఎదురెండ కళ్ళలోకి కొడుతుంది, చలువ కళ్ళద్దాలు డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి.