పుట్టగొడుగులను ఎండలో పెట్టి విటమిన్ డి పెంచుకోవడం ఎలా?

మా బంధువుల్లో ఎవరు రక్తపరీక్ష చేయించుకున్నా విటమిన్ డి తక్కువనే మాట వినిపిస్తోంది. చేపలు, గుడ్డు పచ్చసొన తినేవాళ్లకు తిండిలో కొంత దొరుకుతుంది. శాకాహారులకు ఆ దారులు లేవు. వాళ్లకు పుట్టగొడుగులు బాగా పనికొస్తాయి. కాకపోతే కొన్నవి కొన్నట్టు వండితే లాభం లేదు, ముందు వాటికి ఎండ తగలాలి.

మన చర్మంలో ఒక రకం కొలెస్ట్రాల్ ఎండకు విటమిన్ డిగా మారినట్టే, పుట్టగొడుగుల్లో ఉండే ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడగానే విటమిన్ డి2గా మారుతుంది. కోసిన తర్వాత కూడా ఈ మార్పు జరుగుతుంది. బజారులో దొరికేవి చాలావరకు చీకటి గదుల్లో పెంచినవే కాబట్టి వాటిలో విటమిన్ డి దాదాపు ఉండదు. ముక్కలు చేసి మంచి ఎండలో పెడితే 100 గ్రాములకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తయారవుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది.

1. ఏవి కొనాలి?

బటన్, ఆయిస్టర్ (ముత్యపు చిప్ప), పాల పుట్టగొడుగులు, షీటాకే, వీటిలో ఏవైనా సరే. గట్టిగా, పొడిగా ఉన్నవి తీసుకోండి. జిగురు పట్టినా, పుల్లటి వాసన వచ్చినా వద్దు.

వానాకాలంలో పుట్టల మీద మొలిచేవాటి రుచే వేరు. ఆ పుట్టల్లో చెదలే ఆ శిలీంధ్రాన్ని పెంచి పోషిస్తాయి. కానీ వాటిని గుర్తుపట్టడం అనుభవం ఉన్నవాళ్లకే సాధ్యం. వెండి చెంచా నల్లబడితే విషమని, వెల్లుల్లి రంగు మారితే విషమని చెప్పే పరీక్షలను దయచేసి నమ్మకండి. కొన్ని విషపు పుట్టగొడుగులు ఎంత ఉడికించినా విషం కోల్పోవు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల దాకా వాంతులు కూడా రాకపోవచ్చు, ఆలోగా కాలేయానికి దెబ్బ తగలడం మొదలైపోతుంది.

2. తుడవడం, కోయడం

నీళ్లలో నానబెట్టకండి, స్పాంజిలా పీల్చేసుకుంటాయి. తడిగుడ్డతో తుడిచి, పావు అంగుళం మందాన ముక్కలు కోయండి. ఎన్ని ముక్కలైతే అంత ఎక్కువ భాగం ఎండకు తగులుతుంది. షీటాకే లాంటివాటిని కోయకుండా పెట్టాలనుకుంటే తిరగేసి పెట్టండి. గొడుగు కింద రేకుల్లా ఉండే వైపు పైకి ఉండాలి.

3. ఎండలో పెట్టడం

అసలు పని ఇదే. డాబా మీద వడియాలు పెట్టినట్టు చాటలోనో వెడల్పు పళ్లెంలోనో ఒకదానిమీద ఒకటి పడకుండా పరవండి. సమయం విషయంలో మాత్రం వడియాల లెక్క పనికిరాదు. వడియాలకు వేడి చాలు, వీటికి కావలసినవి నడినెత్తి మీది సూర్యకిరణాలు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్న వేళే సరైనది. మన ప్రాంతంలో పదకొండు నుంచి రెండు మధ్య అనుకోండి.

ఉన్నపళంగా వండుకునేవాటికి అరగంట నుంచి గంట చాలు. మధ్యలో ఒకసారి తిరగేయండి. కిటికీ అద్దం వెనక పెడితే ఫలితం ఉండదు, ఎందుకంటే మనకు కావలసిన కిరణాలు అద్దాన్ని దాటి రావు. మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే. అపార్ట్‌మెంట్‌లో ఉంటే బాల్కనీలో నేరుగా ఎండ పడే చోటు వెతకండి. ఈగలు, కాకుల బెడద ఉంటే పలుచటి వల కప్పండి, మందపాటి గుడ్డ వద్దు.

నిల్వ చేయాలంటే రెండు మూడు రోజులు, విరిస్తే ఫట్‌మనేదాకా ఎండబెట్టండి. సాయంత్రం మంచు పడకముందే లోపల పెట్టేయండి. తర్వాత గాలి చొరబడని డబ్బాలో, చీకటి అలమారాలో ఉంచండి. నెలలు గడిచేకొద్దీ విటమిన్ తగ్గుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా చేసుకోవడమే మేలు.

4. వండడం

పచ్చివి తినకండి. వీటి కణాల గోడలు కైటిన్ అనే పదార్థంతో గట్టిగా ఉంటాయి, ఉడికితేనే సరిగా అరుగుతాయి. సరిగా ఉడకని షీటాకే తింటే కొందరికి ఒంటి మీద కొరడా దెబ్బల్లాంటి ఎర్రటి చారలు వస్తాయి. విటమిన్ డి కొవ్వులో కరిగేది కాబట్టి రెండు చెంచాల నూనెతో వేపుడో ఇగురో చేస్తే ఒంటికి బాగా పడుతుంది. ఎండినవాటిని అరగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను వడకట్టి చారులో పోయండి. బి విటమిన్లు కొన్ని అందులోకి దిగి ఉంటాయి.

డాక్టర్ రాసిన విటమిన్ డి మాత్రలు మాత్రం మానకండి. లోపం బాగా ఉన్నప్పుడు కూర దాన్ని తీర్చలేదు. పైగా డి2 కంటే మాత్రల్లో సాధారణంగా ఉండే డి3 రక్తంలో స్థాయిని మెరుగ్గా పెంచుతుంది.

5. పొడులు, క్యాప్సూళ్లు కొనేముందు

రీషీ, లయన్స్ మేన్, కార్డిసెప్స్ అనే పుట్టగొడుగుల పేర్లతో ఖరీదైన పొడుల డబ్బాలు అమ్ముతున్నారు. క్యాన్సర్‌కు మందు అని చెప్పేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. జపాన్‌లో షీటాకే నుంచి తీసిన లెంటినాన్‌ను 1985లో ఆమోదించిన మాట నిజమే. అది శుద్ధి చేసిన ఇంజెక్షన్, కీమోథెరపీకి తోడుగా ఇచ్చేది. పొడి తాగడం దానికి సమానం కాదు, పొడిని నమ్మి చికిత్స మానేయడం అసలే కూడదు.

అయినా కొనాలనుకుంటే, పుట్టగొడుగుతోనే చేశారా, ధాన్యం మీద పెంచిన వేర్లలాంటి పోగులను ధాన్యంతో సహా దంచారా అన్నది లేబుల్ మీద చూడండి. చిన్న పరీక్ష కూడా ఉంది. చిటికెడు పొడి నీళ్లలో మరిగించి, చల్లారాక గాయాలకు రాసే అయోడిన్ మందు ఒక చుక్క వేయండి. ముదురు నీలం రంగు వస్తే అందులో పిండి పదార్థం కలిసిందని అర్థం. ఆ నీళ్లు పారబోయండి.

రక్తం పల్చబడే మందులు, షుగర్ మందులు వాడేవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, కాలేయ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ఏ పొడీ మొదలుపెట్టకూడదు. చాగా అనే మరో రకం పుట్టగొడుగులో ఆక్సలేట్లనే లవణాలు చాలా ఎక్కువ, అతిగా వాడి కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లున్నారు. ఆపరేషన్ ఉంటే వాడుతున్న డబ్బాను వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు, మత్తు ఇచ్చేవాళ్లకు ముందే చూపించండి.