చిన్నపిల్లలకు ఇంట్లో లెక్కపెట్టడం నేర్పడం ఎలా?

ఒకటి నుంచి వంద వరకు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే నాలుగేళ్ల పిల్లలు చాలామంది ఉంటారు. అలాంటి బిడ్డ ముందు పది సీసా మూతలు పోసి, "ఇందులోంచి నాకు ఆరు ఇవ్వు" అని అడిగి చూడండి. కొందరు గుప్పిటకు అందినన్ని తీసి చేతిలో పెడతారు, కొందరు పదీ ఇచ్చేస్తారు. నోటికి వంద వచ్చిన బిడ్డకు చేతికి ఆరు ఎందుకు రాలేదని తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు గాని, ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. మనం నేర్పిన వరుసే తలకిందులుగా ఉంది. అప్పజెప్పించడం ముందు, పలక మీద అంకెలు దిద్దించడం ఆ తరువాత, వస్తువులు చివర వస్తున్నాయి. చాలా ఇళ్లలో అవి చివరన కూడా రావడం లేదు. ఇక్కడ చెప్పే పద్ధతిలో వస్తువు ముందు వస్తుంది, మాట దానితోపాటే వస్తుంది, రాత చాలా ఆలస్యంగా వస్తుంది. మూడేళ్లు నిండినప్పటి నుంచి రెండో తరగతి వరకు ఇదే వరుస. బిడ్డ ఎంత చురుకైనదైనా ఇందులో ఏ మెట్టునూ దాటవేయకూడదు.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఒకే పరిమాణంలో, ఒకే రంగులో ఉన్న ఇరవై సీసా మూతలు, అంచున్న ఒక పళ్లెం, ఒక గిన్నె, ఒక చేతి రుమాలు చాలు. తరువాతి మెట్లకు నున్నటి పుల్లలు వంద, కొన్ని రబ్బరు బ్యాండ్లు, దళసరి కాగితంతో కత్తిరించిన కార్డులు అవసరమవుతాయి. రంగు ఒక్కటే ఉండాలన్నది పట్టింపు కాదు, నియమం: రంగురంగుల మూతలు ఇస్తే పిల్లలు లెక్క మాని రంగుల వారీగా వేరు చేయడం మొదలుపెడతారు. అది కూడా మంచి పనే, కాని మరో రోజు చేయించవలసిన పని. మూడేళ్లు నిండని పిల్లలకు ఇంత చిన్న వస్తువులు ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. మూడేళ్లు దాటినా పెద్దలు పక్కనే ఉండాలి, పని అయ్యాక మూతలన్నీ తిరిగి గిన్నెలో పడ్డాయో లేదో చూసుకోవాలి. పూటకు పది నిమిషాలు మించవద్దు. బిడ్డకు ఎదురుగా కాకుండా పక్కనే కూర్చోండి, ఎందుకంటే ఎదురుగా కూర్చుంటే మీ ఎడమ బిడ్డకు కుడి అవుతుంది.

ఫోన్లోని ఆటలతోను, బొమ్మల పుస్తకాలతోను ఈ పని ఎందుకు జరగదని అడిగేవారికి ఒకే సమాధానం ఉంది: అచ్చయిన బాతును పక్కకు జరపలేము. లెక్కపెట్టినదాన్ని లెక్కపెట్టని దాని నుంచి వేరు చేయడమే ఈ వయసు పిల్లలకు సగం పని. పుస్తకంలో ఏడు బాతులు చెల్లాచెదురుగా ఉంటే బిడ్డ కొన్నిటిని రెండుసార్లు లెక్కపెడుతుంది, కొన్నిటిని వదిలేస్తుంది, మనమేమో బిడ్డకు ఏడు రాదని తీర్మానిస్తాము. ఫోన్ పరిస్థితి మరీ అన్యాయం, తాకగానే అదే లెక్క చెప్పేస్తుంది.

మొదటి రెండు మెట్లు

మొదటి మెట్టు ఒకటి నుంచి పది వరకు మాటల వరుస నోటికి రావడం. మెట్లు ఎక్కుతున్నప్పుడు, చొక్కా గుండీలు పెడుతున్నప్పుడు పైకి చెబుతూ ఉంటే అదే వస్తుంది. పది దాటించకండి, ఇప్పుడు అవసరం లేదు.

రెండో మెట్టు ఒక వస్తువుకు ఒకే మాట. ముందు మాటలు లేకుండానే మొదలుపెట్టవచ్చు: ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో గ్లాసు పెట్టించడం, ఒక్కో డబ్బాకు ఒక్కో మూత పెట్టించడం. తరువాత పళ్లెంలో ఎడమవైపు మూతలు పోసి, ఒక్కొక్కటే కుడివైపుకు జరుపుతూ సంఖ్య చెప్పించండి. ఇక్కడ వేలు వెళ్లే తీరును కళ్లార్పకుండా గమనించాలి. కొందరు పిల్లలు "ఒ-క-టి" అని మూడు అక్షరాలకు మూడు మూతలు ముట్టుకుంటారు, "రెం-డు" అని మరో రెండు ముట్టుకుంటారు. అది తెలియకపోవడం కాదు, మాటకు బదులు అక్షరాన్ని లెక్కలోకి తీసుకోవడం. దిద్దవలసిన అవసరం లేదు, మూతను తాకడం మాన్పించి గిన్నెలో వేయించండి. మూత గిన్నెలో పడి చప్పుడయ్యాకే మాట చెప్పాలన్న షరతు పెడితే కొద్ది రోజుల్లో మాటా వస్తువూ జతపడతాయి.

అసలు చిక్కు: "మొత్తం ఎన్ని?"

ఇక్కడే ఎక్కువ మంది పెద్దలు తొందరపడి పాడుచేస్తారు కాబట్టి నెమ్మదిగా చదవండి. బిడ్డ ఐదు మూతలను ఒక్క తప్పు లేకుండా లెక్కపెట్టింది. "అయితే ఎన్ని ఉన్నాయి?" అని మీరు అడిగారు. బిడ్డ సమాధానం చెప్పకుండా మళ్లీ మొదటి నుంచి "ఒకటి, రెండు, మూడు" అని అందుకుంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే. ఇది మొండితనమూ కాదు, మతిమరుపూ కాదు. ఆ బిడ్డ దృష్టిలో "ఎన్ని?" అన్న ప్రశ్న అంకెలు అప్పజెప్పమన్న ఆజ్ఞ మాత్రమే. "ఐదు" అన్నది ఆ చివరి మూతకు పెట్టిన పేరు. నమ్మకం కుదరకపోతే "ఐదు చూపించు" అని అడగండి, చివరి మూత మీద వేలు పెడుతుంది. ఆ చివరి మాట ఒక మూతకు కాక గుంపు మొత్తానికి చెందుతుందన్న గ్రహింపు లెక్కపెట్టడంలోని మూల సూత్రాలలో ఒకటని రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే వివరించారు. ఈ గ్రహింపు లేకుండా నేర్పిన కూడిక బట్టీగానే మిగులుతుంది.

ఈ మూడో మెట్టు దగ్గర ఐదుతో కాదు, రెండుతో, మూడుతో పని చేయాలి. రెండు మూడు వస్తువులను పిల్లలు లెక్కపెట్టకుండానే ఒక్క చూపులో పోల్చుకోగలుగుతారు కాబట్టి, చెప్పిన మాటా కంటికి కనిపించిన గుంపూ ఒకదానికొకటి సాక్ష్యంగా నిలుస్తాయి. ముందు మొత్తం చెప్పండి, తరువాత లెక్కపెట్టండి. మూడు మూతలు పళ్లెంలో పెట్టి, అరచేతిని వాటన్నిటి చుట్టూ తిప్పుతూ "ఇవి మూడు మూతలు" అనండి. అప్పుడు ఒక్కొక్కటే జరుపుతూ "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి, వెంటనే మళ్లీ చేయి తిప్పి "మూడు మూతలు" అని ముగించండి. వేలు ఒక్క మూతను చూపిస్తుంది, అరచేయి గుంపును చూపిస్తుంది. ఈ రెండు సైగలనూ ఎన్నడూ కలపకండి. చివరి మూత మీద వేలు పెట్టి ఉంచి "చూశావా, మూడు" అంటే మీరు ఇంతసేపు చేసినదంతా మీరే చెరిపేసినట్టు. తరువాత గుంపు మీద రుమాలు కప్పి ఎన్ని ఉన్నాయో అడగండి. కనిపించనప్పుడు మళ్లీ లెక్కపెట్టే వీలు ఉండదు కాబట్టి బిడ్డ జ్ఞాపకం ఉన్న మొత్తం కోసం వెతుక్కుంటుంది.

ఇంతవరకు వచ్చాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు, కాలేదు. "ఎన్ని?" అని అడిగినప్పుడు చివరగా పలికిన మాటను తిరిగి చెబితే పెద్దలు సంతోషిస్తారన్న కిటుకు పిల్లలు చాలా త్వరగా పట్టేస్తారు. కిటుకు పట్టారో, విషయం పట్టారో తేల్చే పరీక్ష ఒక్కటే: అడగడం మాని, ఇమ్మనడం. "నాకు రెండు ఇవ్వు", "బొమ్మకు నాలుగు ఇవ్వు" అనండి. కరెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల ప్రారంభంలో పిల్లల సంఖ్యా జ్ఞానాన్ని ఈ పద్ధతితోనే పరిశీలించారు. అలాంటి పరిశీలనల్లో తేలిన విషయం తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినది: పిల్లలు ముందు ఒకటి మాత్రమే సరిగ్గా ఇస్తారు, కొన్ని నెలలకు రెండు, మరికొన్ని నెలలకు మూడు ఇస్తారు, మూడో నాలుగో వచ్చాక మాత్రం ఒక్కసారిగా ఎంత అడిగినా లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెడతారు. రెండు ఇవ్వగలిగిన బిడ్డ నెల గడిచినా మూడు ఇవ్వలేకపోతే ఆదుర్దా పడనక్కరలేదు, పక్కింటి బిడ్డతో పోల్చనక్కరలేదు, ఐదుకు దూకనక్కరలేదు.

మూడు అడిగితే బిడ్డ నాలుగు ఇచ్చింది అనుకుందాం. "తప్పు, మళ్లీ లెక్కపెట్టు" అనకండి, ఆ మాటతో ప్రశ్న మళ్లీ అప్పజెప్పడంలోకి జారిపోతుంది. ఇచ్చిన వాటిని పళ్లెంలో పెట్టి ఇద్దరూ కలిసి జరపండి. "ఇవి నాలుగు. నాకు మూడే కావాలి. ఏం చేద్దాం?" అని ఆగండి. ఈ ఆగడం ముఖ్యం, పెద్దలకు అది భరించలేని మౌనం కాని బిడ్డకు ఆలోచించే వేళ. ఒకటి తీసేస్తే తీసివేత కూడా అక్కడే మొదలైనట్టు. తీయకపోతే మీరే తీసి "ఇప్పుడు మూడు" అని అరచేయి తిప్పి, ఆ పూటకు అంతటితో ఆపండి.

సరైన సమాధానం వచ్చాక అదే ప్రశ్న రెండోసారి అడగకూడదు. పెద్దలు మళ్లీ అడిగారంటే మొదటిది తప్పయి ఉంటుందని పిల్లలు అనుకుని, తెలిసిన జవాబును మార్చేస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే రెండు సమాన వరుసల గురించి ముందు ఒకసారి అడిగి, తరువాత ఒకదాన్ని ఎడంగా పరిచి, దేనిలో ఎక్కువ ఉన్నాయని మళ్లీ అడిగినప్పుడు ఆరేడేళ్ల లోపు పిల్లలు పొడవాటి వరుసనే చూపించడం ప్రసిద్ధమైన ప్రయోగం. 1974లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు అదే ప్రయోగంలో చిన్న మార్పు చేశారు: వరుసను పెద్దలు కాకుండా ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చూపించారు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలలో చాలా ఎక్కువ మంది అప్పుడు సరైన సమాధానం చెప్పారు. మనకు పనికివచ్చేది ఆ బొమ్మే. ఐదు మూతల వరుసను మీ చేత్తో ఎడం చేసి "ఇప్పుడెన్ని?" అని గంభీరంగా అడగకండి, బొమ్మ చేత చెదరగొట్టించి "అయ్యో, ఇప్పుడు ఎన్ని ఉన్నాయంటావు?" అనండి. ఎడమ నుంచి కాక మధ్య నుంచి లెక్కపెట్టించడం కూడా ఈ ఆటలోనే కలిపేయవచ్చు.

వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వస్తువులతో, పది లోపు ఏ సంఖ్య అడిగినా బిడ్డ మీ ముఖం వైపు చూడకుండా ఇవ్వగలిగినప్పుడే ఈ మెట్టు దాటినట్టు. ముఖం వైపు చూడడం అన్న మాట ఊరికే అనలేదు. సరైన మూత దగ్గరకు రాగానే మన కనుబొమలు లేస్తాయి, పిల్లలు మూతలను కాక కనుబొమలను చదువుతారు. పక్కన కూర్చోమన్నది అందుకు కూడా.

అంకెలు, సున్నా, పది కట్టలు

అంకెల కార్డులు ఇప్పుడు బయటకు తీయాలి. కార్డు చూసి అన్ని మూతలు పెట్టడం, మూతలు చూసి కార్డు వెతకడం, ఇంతే. రాయించడం ఆ తరువాత. సున్నాకు ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి పద్ధతిలోని పుల్లల పెట్టెను మించినది లేదు: 0 నుంచి 9 వరకు గుర్తులున్న అరలు, మొత్తం 45 పుల్లలు. ఒకటి నుంచి తొమ్మిది వరకు కూడితే సరిగ్గా 45 కాబట్టి ఎక్కడైనా తప్పు జరిగితే చివరి అరలో పుల్లలు తగ్గుతాయి, లేదా చేతిలో మిగులుతాయి. తప్పు ఎవరూ చెప్పనక్కరలేదు. సున్నా అర ఖాళీగా ఉండిపోతుంది, దాన్ని చూసి పిల్లలు నవ్వుతారు. పది చిన్న గిన్నెల ముందు కార్డులు పెట్టి ఇంట్లో అదే పని చేయించవచ్చు.

ఒకటో తరగతి వయసులో పుల్లల కట్టలు మొదలవుతాయి. పది పుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయడం బిడ్డ చేతే జరగాలి. మీరు కట్టి సిద్ధంగా ఇచ్చిన కట్ట బిడ్డకు ఒక మొద్దు మాత్రమే, అందులో పది ఉన్నాయన్న సంగతి ఆ వేళ్లకు తెలియదు. పూసల చట్రం మీద ఇదంతా త్వరగా చూపించవచ్చని కొందరు అంటారు, కాని అందులో పది పూసలు ఒకటిగా మారడం ఉండదు, ఒక తీగ నుంచి మరో తీగకు పోవడమే ఉంటుంది. రెండు కట్టలు, ఒక విడి పుల్ల పెట్టి "ఇరవై ఒకటి" చెప్పించండి. పదకొండు నుంచి పంతొమ్మిది వరకు ఉన్నవి ఆ తరువాతే చేయించండి, ఇరవై దాటిన సంఖ్యలలో కట్టలూ విడివీ వేరువేరుగా వినబడతాయి కాబట్టి అవే తేలిక.

రాసేటప్పుడు ఇరవై ఒకటిని 201 అని రాయడం దాదాపు ప్రతి బిడ్డా చేసే పని. విన్నది విన్నట్టు 20 రాసి పక్కన 1 పెడుతుంది. కొట్టివేయకండి. 20 అని రాసిన వెడల్పాటి కార్డు మీద, సున్నా కప్పబడేలా 1 అని రాసిన చిన్న కార్డును ఉంచి చూపండి, సున్నా ఆ చిన్న కార్డు కింద దాగి ఉందని బిడ్డే ఎత్తి చూసుకుంటుంది. కట్టలు ఎడమన, విడివి కుడిన, కార్డులు వాటి కింద ఉండాలి, ఈ అమరిక ఏ రోజూ మారకూడదు.

రెండంకెల కూడికలు ఇదంతా అయ్యాకే. ఇరవై ఏడుకు ఐదు కలపమన్నప్పుడు పళ్లెంలో రెండు కట్టలు, పన్నెండు విడి పుల్లలు అవుతాయి. అప్పుడు మీరు ఏమీ అనకముందే బిడ్డ పది ఏరి రబ్బరు బ్యాండు కోసం చేయి చాస్తే, పదుల స్థానంలోకి ఒకటి ఎందుకు వెళ్తుందో పలక మీద వేరుగా నేర్పవలసిన అవసరం ఉండదు. చేయి చాపకపోతే పలక తీయకండి, మరికొన్నాళ్లు కట్టలే కట్టించండి.