చూసి గీశాక, చూడకుండా గీయండి
బొమ్మలు సొంతంగా నేర్చుకునేవారు నకలు గీయడానికి సిగ్గుపడనవసరం లేదు. 1880లో, 27 ఏళ్ల వయసులో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్న వాన్ గో కూడా ఫ్రెంచి చిత్రకారుడు మిలే బొమ్మలకు నకళ్లు గీస్తూనే సాధన మొదలుపెట్టాడు. అయితే నకలు పూర్తవగానే అసలు చిత్రాన్ని బోర్లించి, అదే బొమ్మను జ్ఞాపకం మీద మళ్లీ గీయండి. ఏది నిజంగా చూశామో, ఏది ఊరికే దించేశామో అప్పుడు బయటపడుతుంది. నాకైతే ఎప్పుడూ బొటనవేలి దగ్గరే తేడా వస్తుంది, దాని మొదలు మణికట్టు దాకా దిగుతుందని ప్రతిసారీ మరిచిపోతాను (ఇన్నేళ్ల తర్వాత కూడా!). తప్పిన చోట ఎర్ర పెన్సిలుతో దిద్ది, తేదీ వేసి, మర్నాడు ఆ ఒక్క భాగాన్నే నాలుగైదు కోణాల్లో గీయండి. పాడైన కాగితాలు మాత్రం పారేయకండి.