అరుదైన మజిల్ కారు అసలు ఎన్ని తయారయ్యాయో తేల్చే విధానం

విశాఖపట్నంలో ఉంటూ పాత అమెరికన్ మజిల్ కార్ల, అంటే పెద్ద ఇంజిన్ బిగించిన శక్తిమంతమైన కార్ల, లెక్కలు తేల్చదలచినవారు, తాము వెతికేది మోడల్ సంవత్సరపు సంఖ్యా, క్యాలెండరు సంవత్సరపు సంఖ్యా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. 1969 మోడళ్ల తయారీ 1968లోనే మొదలైంది.

జెడ్‌ఎల్1 అనే ప్రత్యేక ఇంజిన్ బిగించిన 1969 షెవర్లే కమారో కార్లు మొత్తం 69 తయారయ్యాయని సాధారణంగా అంగీకరిస్తారు. అయితే ఆ ఏటి కమారో ఛాసిస్ నంబరు ఎనిమిది సిలిండర్ల కారని మాత్రమే చెబుతుందే తప్ప, అందులో బిగించిన ఇంజిన్ ఏదో చెప్పదు గనుక, నంబర్లను బట్టి మొత్తం తేలదు. ఫ్యాక్టరీ ఆర్డరు కాగితాలు, డీలరు ఇన్‌వాయిస్‌లే శరణ్యం. ప్లిమత్ సంస్థ కార్ల విషయంలో పని తేలిక: 1970 బరాకుడా ఛాసిస్ నంబరులో ఐదవ స్థానంలో ‘ఆర్’ ఉంటే అందులో బిగించింది 426 ఘనపు అంగుళాల హెమీ ఇంజిన్. ఫోర్డు కార్లకు 1967 మోడళ్ల నుంచి మార్టీ నివేదికలు, అంటే ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా కారు వివరాలు తెలిపే పత్రాలు, దొరుకుతాయి.

తయారైన ఇంజిన్ల సంఖ్యను కార్ల సంఖ్యగా ఎన్నడూ తీసుకోకూడదు, ఎందుకంటే విడిగా అమ్మినవి, వారంటీ కింద మార్చినవి కూడా అందులో కలుస్తాయి. కెనడాకు వెళ్లిన కార్లను లెక్కలో కలిపారో లేదో కూడా చూడాలి. నా దృష్టిలో పరస్పర విరుద్ధమైన లెక్కలు చాలావరకు ఇక్కడే పుడతాయి. బీచ్ రోడ్డులో ఎవరైనా తమ కారును చూపి అరుదైనదంటే, ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఛాసిస్ నంబరు పలకను మాత్రమే గాక, కాగితాలనూ అడగాలి.