బతుకమ్మకు ముందు మనసు లెక్క రాసుకోవడం ఎలా

భాద్రపదం మొదలైన రోజే ఒక నోటుపుస్తకం తీసి పక్కన పెట్టుకోండి. భాద్రపదం చివరి రోజైన పెత్తర అమావాస్య నాటికి మనసు లెక్క, అంటే ఎవరిని నొప్పించాం, ఏం మంచి చేశాం అన్న లెక్క తేలాలంటే రోజూ కాసేపు కూర్చోవాలి. చివరి రెండు రోజుల్లో అయ్యే పని కాదు.

ఈ పద్ధతి నేను ఇజ్రాయెల్‌లో నేర్చుకున్నాను. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి అక్కడికి వృద్ధులను చూసుకునే పనికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. రమత్‌గాన్‌లో నేను చూసుకున్న పెద్దావిడను ‘సవ్తా’ అని, అంటే అమ్మమ్మా అని పిలిచేదాన్ని. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా. దానికి ముందు వచ్చే ఎలూల్ నెలంతా వాళ్లు తమ లెక్క చూసుకుంటారు. శనివారాలు, నెల చివరి రోజు తప్ప రోజూ ఉదయం ప్రార్థనలో పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదుతారు. కొత్త సంవత్సరం పదో రోజున తప్పులకు మన్నింపు కోరే యోమ్ కిప్పూర్, దాదాపు 25 గంటల ఉపవాసం. ఎలూల్ చాలా ఏళ్లలో మన భాద్రపదంతో కలిసే నడుస్తుంది. 2024లో పెత్తర అమావాస్య నాడు బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ, రోష్ హషానా మొదలయ్యే సాయంత్రం రెండూ అక్టోబరు 2నే వచ్చాయి. అందుకే హనుమకొండకు తిరిగి వచ్చాక కూడా నేను ఈ నెలను వదల్లేదు. వాళ్ల ప్రార్థనలు వాళ్లవి. లెక్క మాత్రం ఎవరైనా రాసుకోవచ్చు.

రాసేటప్పుడు “నేను చెడ్డదాన్ని”, “నాకు బుద్ధి లేదు” అని రాయకండి. జరిగింది జరిగినట్టు రాయండి: “మంగళవారం నల్లా దగ్గర పిల్లల ముందే తోడికోడలిని కసిరాను.” ఇది దిద్దుకోగలిగిన తప్పు. మనిషినంతా తిట్టుకుంటే దిద్దుకోవడానికి ఏమీ దొరకదు, ఏడుపే మిగులుతుంది.

సవ్తా పుస్తకంలో ప్రతి పేజీకి నడుమ పెన్సిలు గీత ఉండేది. కుడివైపు ఎవరిని నొప్పించిందో రాసేది, ఎడమవైపు ఆ వారం చేసిన మంచి. ఎడమవైపు ఖాళీగా ఉంటే పుస్తకం మూసేది కాదు, నన్నూ మూయనిచ్చేది కాదు. “నా మందులు వేళకు ఇచ్చావు, అది రాయి” అనేది. మన ఆడవాళ్లకు ఈ రెండో వైపే కష్టం. వంట, చాకిరీ కూడా మంచిపనేనా అని చెయ్యి ఆగిపోతుంది. ఆగకుండా రాయండి.

యోమ్ కిప్పూర్ నాడు తప్పులు ఒప్పుకునేటప్పుడు ఒక్కో మాటకు పిడికిలితో గుండె మీద తట్టుకుంటారు. గట్టిగా కాదు, నిద్రపోతున్న పసిపిల్లను లేపినంత మెల్లగా. పైగా “నేను చేశాను” అనరు, అందరూ కలిసి “మేం చేశాం” అంటారు. లోలోపల కుమిలిపోయేవారికి ఇందులో ఎంత ఊరటో! మీరు రాసింది కూడా అక్కకో, నమ్మకమైన స్నేహితురాలికో ఒకసారి చదివి వినిపించండి.

ఆ తర్వాత క్షమాపణ. సాటిమనిషికి చేసిన తప్పు, ఆ మనిషిని సమాధానపరిచేదాకా యోమ్ కిప్పూర్ వల్ల కూడా పోదని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం మిష్నా చెబుతుంది. ఎదుటివారు ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లమంటాడు 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్. రెండోసారి, మూడోసారి కూడా వెళ్లి అడిగాక ఇక వదిలేయవచ్చు. ఈ హద్దు పెట్టినందుకు ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది. బతుకంతా ఒకరి గడప ముందు తల వంచుకుని నిలబడనక్కర్లేదు. అయితే “తెలిసీ తెలియక తప్పు చేసి ఉంటే క్షమించండి” అని అందరికీ ఒకటే సందేశం ఫోనులో పంపకండి. ఏం చేశారో చెప్పి అడగండి.

ఆ మనిషి చనిపోయి ఉంటే? పదిమందిని సమాధి దగ్గరకు తీసుకువెళ్లి తప్పు పైకి చెప్పాలని, బాకీ ఉంటే వారసులకు ఇవ్వాలని మైమోనిడీస్ రాశాడు. మనకు అందుకు తగిన రోజు, పెద్దలకు బియ్యం ఇచ్చే పెత్తర అమావాస్య. అత్తగారికి చెప్పకుండా మిగిలిపోయిన మాట ఏదైనా ఉంటే ఆ రోజు ఇంట్లో అందరి ముందూ చెప్పండి. ఆమె దగ్గర తీసుకున్న డబ్బు ఇంకా ఇవ్వాల్సి ఉంటే ఆడపడుచును పిలిచి ఆమె చేతిలో పెట్టండి.