నగర రవాణా సంస్థలో ఇంధన, పర్యావరణ పనుల సమన్వయం ఎలా చేయాలి

నగర రవాణా సంస్థలో ఇంధన, పర్యావరణ పనులను సమన్వయం చేసే బాధ్యత తీసుకున్నవారికి మొదటి వారంలోనే ఒక సంగతి బోధపడుతుంది. తగ్గించవలసిన డీజిలు గానీ కరెంటు గానీ తమ చేతిలో లేవు. బస్సు ఎంత డీజిలు తాగాలో డ్రైవరు, గ్యారేజీ, రోడ్డు మీది రద్దీ నిర్ణయిస్తాయి. రైలు ఎంత కరెంటు లాగాలో చాలావరకు టైంటేబులు నిర్ణయిస్తుంది. రాబోయే పన్నెండు, పదిహేనేళ్ల ఖర్చును ఈరోజు రాసే టెండరు నిర్ణయిస్తుంది. అందుచేత ఇతరులు తీసుకునే నిర్ణయాల దగ్గరికి, అవి ఖాయం కాకముందే, నమ్మదగిన అంకె పట్టుకుని వెళ్లి కూర్చోవడమే ఈ ఉద్యోగమని నేను భావిస్తాను.

ముందుగా ఆ అంకెను సంపాదించాలి. సంస్థ పేరున ఉన్న ప్రతి విద్యుత్ కనెక్షనుకూ గడచిన పన్నెండు నెలల బిల్లులు తెప్పించుకోండి. ఆ తరువాత బిల్లుల కట్టతో కార్యాలయంలో కూర్చోకుండా, ఒక ఎలక్ట్రీషియనును వెంటబెట్టుకుని ఒక్కొక్క మీటరు దగ్గరికీ స్వయంగా వెళ్లి, అది దేనికి కరెంటు ఇస్తున్నదో రాసుకోండి. ఎప్పుడో మూతపడిన భవనానికి కనీస చార్జీలు కడుతూ ఉండడం, అద్దెకిచ్చిన దుకాణాల వాడకం సంస్థ మీటరులోనే కలిసిపోవడం, స్టేషనుకూ పక్కనున్న వర్క్‌షాపుకూ ఒకే మీటరు ఉండడం వంటివి ఇలా తిరిగితేనే బయటపడతాయి. డీజిలు విషయంలో బంకు నుంచి పోసిన లీటర్లను, ట్యాంకు కొలతను, బస్సు తిరిగిన కిలోమీటర్లను ఒకదానితో ఒకటి సరిపోల్చాలి. కిలోమీటరు మీటరు పనిచేయని బస్సులకు షెడ్యూలు ప్రకారం కిలోమీటర్లు వేసేస్తే, ఆ డిపో చూపే కేఎంపీఎల్‌ను, అంటే లీటరుకు వచ్చే కిలోమీటర్ల లెక్కను, నమ్మడానికి వీల్లేదు.

పోల్చి చూడడానికి ఒక ఆధార సంవత్సరం కావాలి. కోవిడ్ వల్ల సర్వీసులు నిలిచిపోయిన 2020, 2021 సంవత్సరాలను ఇందుకు తీసుకోకూడదు. మొత్తం వాడకంతో పాటు వాహన కిలోమీటరుకు ఎంత, ప్రయాణికుడి కిలోమీటరుకు ఎంత అన్న లెక్కలు రెండూ ఉంచుకోండి, ఎందుకంటే ప్రయాణికులు తగ్గితే యంత్రాలు ఎంత బాగా పనిచేసినా రెండో లెక్క దెబ్బతింటుంది. ట్రిప్పులు రద్దు చేసి మిగిల్చిన ఇంధనాన్ని మాత్రం ఎన్నటికీ పొదుపు కింద రాయకండి. బస్సు రాక విసిగిపోయినవారు సొంత వాహనం కొనుక్కుంటే నగరం మొత్తంగా కాల్చే ఇంధనం పెరుగుతుంది, ఆ పెరుగుదల సంస్థ లెక్కల్లో ఎక్కడా కనబడదు.

కర్బన ఉద్గారాల లెక్కకు జీహెచ్‌జీ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ లెక్కల పద్ధతి చెప్పే మూడు స్కోపులు, అంటే మూడు పద్దులు, చాలు. సంస్థ స్వయంగా కాల్చే ఇంధనం, కారిపోయే ఏసీ గ్యాసు మొదటి స్కోపు, కొన్న కరెంటు రెండోది, సంస్థ పనుల కోసం ఇతరుల చేతుల్లో వెలువడే తక్కినదంతా మూడోది. లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. ఏసీ గ్యాసును చాలామంది లెక్కలోకే తీసుకోరు గానీ, వాహనాల ఏసీల్లో వాడే ఆర్-134ఏ గ్యాసు ఒక్క కిలో గాలిలో కలిసిపోతే వందేళ్ల లెక్కన దాని ప్రభావం 1,300 కిలోల కార్బన్ డయాక్సైడుకు తక్కువ కాదు. స్టోర్సు నుంచి ఏడాదిలో ఎన్ని సిలిండర్లు బయటికి వెళ్లాయో చూస్తే ఎంత కారిందో తెలిసిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సొంత బస్సుల స్థానంలో అద్దె బస్సులు వస్తే, వాటి డీజిలు మొదటి స్కోపు నుంచి మూడోదానికి మారవచ్చు. నివేదికలో అంకె పడిపోతుంది, పొగ మాత్రం అంతే ఉంటుంది. అద్దె బస్సుల డీజిలును మొదటి రోజు నుంచే పక్కన చూపించడం నిజాయతీ.

ఇక డిపోకు వెళ్లవలసిన సమయం తెల్లవారుజాము. మొదటి సర్వీసులు బయలుదేరే ముందు వరుసగా నిలబడిన బస్సుల ఇంజిన్లు పావుగంట, అరగంట ఆడుతూనే ఉంటాయి. నిలబడి ఆడే ఇంజిను గంటకు రెండు లీటర్లు కాలుస్తుందనుకుంటే, వంద బస్సులు పావుగంట చొప్పున ఆడినా రోజుకు యాభై లీటర్లు. దీన్ని చూసి డ్రైవర్లకు సర్క్యులర్ పంపించడం తేలిక. కానీ డ్యాష్‌బోర్డులో ఎయిర్ ప్రెషర్ ముల్లు చూడండి. రాత్రంతా గాలి కారిపోయిన బస్సులో ఆ ముల్లు నిదానంగా లేస్తుంది, అది లేచేదాకా బ్రేకు పట్టదు కనుక డ్రైవరు ఇంజిను ఆపలేడు. అలాంటి బస్సుకు కావలసింది హెచ్చరిక కాదు, ఎయిర్ లైను మరమ్మతు. ఏ బస్సుకు ముల్లు లేవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి ఆ జాబితాను ఫోర్‌మన్‌కు ఇస్తే డీజిలు తగ్గుతుంది, పైగా మీ మీద డ్రైవర్లకు నమ్మకం కలుగుతుంది. టైర్లలో గాలి, క్లచ్, ఇంజెక్టర్లు వంటి సంగతులు గ్యారేజీ వారికి మీకంటే బాగా తెలుసు, వారికి కావలసిన విడిభాగాలు సకాలంలో అందేలా చూస్తే చాలు.

ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాక పొదుపు చాలావరకు చార్జింగ్ వేళల్లో ఉంటుంది. పెద్ద కనెక్షన్లకు యూనిట్లతో పాటు మాగ్జిమం డిమాండ్‌కు కూడా చార్జీ ఉంటుంది, అది నెలలో ఏ ఒక్క పావుగంటలోనో అరగంటలోనో నమోదైన అత్యధిక లోడును బట్టి పడుతుంది. ఉదాహరణకు ముప్ఫై బస్సులకు తలా 180 యూనిట్లు కావాలనుకుందాం. రాత్రి పదింటికి అన్నింటినీ 60 కిలోవాట్ల చార్జర్లకు ఒకేసారి తగిలిస్తే లోడు 1,800 కిలోవాట్లకు చేరుతుంది. పదిహేనేసి చొప్పున రెండు విడతలుగా, మూడేసి గంటలు చార్జి చేస్తే యూనిట్లు అవే 5,400, లోడు మాత్రం 900 కిలోవాట్లే. ఇది జరగాలంటే తెల్లవారి ముందుగా బయలుదేరే బస్సులు మొదటి విడతలో ఉండాలి, రాత్రి వాటిని జరిపి పెట్టడానికి మనిషి ఉండాలి. అందుచేత డిపో మేనేజరు, షెడ్యూలు విభాగం, ఎలక్ట్రికల్ విభాగం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆ పట్టిక తయారు చేయాలి. చైనాలోని షెన్‌జెన్ నగరం 2017 చివరికల్లా పదహారు వేలకు పైగా బస్సులన్నింటినీ ఎలక్ట్రిక్‌గా మార్చగలిగింది కనుక బస్సుల సంఖ్యను చూసి జంకనక్కరలేదు. కనెక్షన్ సామర్థ్యం పెంచమన్న దరఖాస్తును మాత్రం బస్సుల ఆర్డరు కన్నా ముందే పెట్టాలి.

రైలు మార్గాల్లో బ్రేకు వేసినప్పుడు మోటార్లు కరెంటు పుట్టించి లైనులోకి పంపుతాయి. డీసీ లైనులో సాధారణ రెక్టిఫయర్ సబ్‌స్టేషను ఏసీ కరెంటును డీసీగా మార్చి లైనుకు ఇవ్వగలదే గానీ, దాన్ని వెనక్కి తీసుకోలేదు. అదే సమయంలో దగ్గరలో మరో రైలు వేగం అందుకుంటూ ఉంటేనే అది వాడకంలోకి వస్తుంది, లేకపోతే రెసిస్టర్లలో వేడిగా మారిపోతుంది. ఆ కరెంటును వెనక్కి పంపే ఇన్వర్టర్లు, దాచి ఉంచే బ్యాటరీలు కొనమని అడిగే ముందు, ఒక రైలు ఆగే క్షణానికి ఎదుటి రైలు బయలుదేరేలా టైంటేబులును కొన్ని సెకన్లు సర్దగలరేమో ఆపరేషన్స్ వారిని అడగండి. రాత్రి యార్డులో నిలిపిన రైళ్లలో లైట్లు, ఏసీ ఆపుతున్నారో లేదో కూడా ఒకసారి వెళ్లి చూడండి.

నెలకొకసారి జరిగే సమావేశానికి ప్రతి విభాగం నుంచి సంతకం చేయగల అధికారి రావాలి, ప్రతి పనికీ ఒక పేరు, ఒక తేదీ ఉండాలి. ఇంధన నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 50001 కోరేదీ దాదాపు ఈ క్రమశిక్షణనే, కాబట్టి సర్టిఫికెట్ తీసుకోకపోయినా దాని చట్రాన్ని వాడుకోవచ్చు. కొనుగోలు విభాగం ముసాయిదా టెండరును మీకు చూపించకుండా విడుదల చేయకూడదన్న ఉత్తర్వును పై అధికారి నుంచి తెచ్చుకోండి. అందులో కొనుగోలు ధరతో పాటు జీవితకాల ఇంధన ఖర్చును కూడా లెక్కగట్టే షరతు, ఎన్నేళ్లకు బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతం మిగలాలన్న గ్యారంటీ, పాత బ్యాటరీలను ఎవరు వెనక్కి తీసుకోవాలన్న నిబంధన ఉన్నాయో లేదో చూడండి. చార్జర్ల నుంచీ బస్సుల నుంచీ వచ్చే డేటా సంస్థకే చెందుతుందన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే ఏ బస్సు ఎన్ని యూనిట్లు వాడిందో తెలుసుకోవడానికి ప్రతి నెలా కంపెనీ వారిని బతిమాలుకోవలసి వస్తుంది.